కాసియో సీజీ50ని ఓవర్‌క్లాక్ చేయడం ఎలా, సెల్స్ ఎంత తాగుతుందో లెక్కగట్టడం ఎలా

ఓవర్‌క్లాక్, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం, అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "సెల్స్ ఎన్నాళ్ళొస్తాయి?" అనే. దానికి దాదాపు అందరూ చెప్పే జవాబు కూడా ఒక్కటే, వేగం రెండింతలు చేస్తే సెల్స్ సగం రోజులే వస్తాయని. ఈ జవాబు చాలాసార్లు తప్పు. మీరు కాలిక్యులేటర్‌తో చేసే పని ఎక్కడో ఒకచోట అయిపోయేదా, లేక మీరు ఆపేదాకా నడుస్తూనే ఉండేదా అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. ఒక్కోసారి ఓవర్‌క్లాక్ చేస్తే సెల్స్ ఎక్కువ రోజులు రావడం కూడా జరుగుతుంది. ఎలాగో కిందికి వెళ్ళేకొద్దీ మీ చేతిలోని మల్టీమీటరే చూపిస్తుంది, నా మాట నమ్మాల్సిన పని లేదు.

ఇదంతా కాసియో ఎఫ్‌ఎక్స్-సీజీ50 గురించి. 2017లో వచ్చిన రంగుల తెర గ్రాఫింగ్ కాలిక్యులేటర్, నాలుగు ట్రిపుల్ ఏ సెల్స్, అంటే టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ మీద నడుస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో అందరి చేతుల్లో కనిపించే 991 సైంటిఫిక్ కాలిక్యులేటర్ వేరు, దానికి ఇవేవీ వర్తించవు. జేఈఈలో కాలిక్యులేటరే ఉండదు, గేట్‌లో తెరమీద వచ్చేదే దిక్కు, కాబట్టి ఇక్కడ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉన్నవాళ్ళంటే ఎక్కువగా హైదరాబాద్‌లో ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియట్ చదివే పిల్లలు, అమెరికాలో హైస్కూల్లో ఉన్న మనవాళ్ళ పిల్లలు, ఇంకా నాలాగా పాత గాడ్జెట్లు పోగేసుకునేవాళ్ళు.

లోపల ఏముందో ముందు తెలియాలి

సీజీ50లో ఉన్న ప్రాసెసర్ పేరు ఎస్‌హెచ్7305. దీనికి ముందొచ్చిన సీజీ20లోనూ అదే, నలుపు తెలుపు తెరతో వచ్చిన 9860జీ2 చివరి తయారీల్లోనూ అదే. మరి సీజీ50 ఎందుకంత చురుగ్గా ఉంటుందంటే, లెక్క చాలా సింపుల్. లోపల గోడగడియారాల్లో ఉండేలాంటి 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉంటుంది. ఆ సంఖ్యని 900తో గుణించి, సగం చేసి, మళ్ళీ 16తో గుణిస్తే 235.93 మెగాహెర్ట్జ్ వస్తుంది. దాన్ని 9860జీ2లో 8తో భాగించి 29.49 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టారు, సీజీ20లో 4తో భాగించి 58.98 దగ్గర, సీజీ50లో 2తో భాగించి 117.96 దగ్గర. అంటే ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కి కంపెనీయే ఓవర్‌క్లాక్ చేసి అమ్మిందనుకోవచ్చు. మనం చేసేది కూడా ఆ గుణకాల్నీ భాగహారాల్నీ మార్చడమే, స్క్రూడ్రైవర్ పని లేదు, సోల్డరింగ్ అసలే లేదు.

ఈ పని చేసే ప్రోగ్రామ్ పేరు పీట్యూన్3. సెంటారో21 అనే పేరుతో రాసే జపాన్ ప్రోగ్రామర్ తయారుచేసింది. సీజీ10, సీజీ20లకి పీట్యూన్2 వాడాలి, నలుపు తెలుపు తెర వాటికి ఎఫ్‌ట్యూన్‌లో ఆ మోడల్‌కి సరిపోయే రకం వాడాలి. ఒకదానిది ఇంకోదానిలో వెయ్యకండి, పేరు ఒకేలా ఉంది కదా అని ప్రయత్నం కూడా చెయ్యొద్దు, ఎందుకంటే ఒక్కో మోడల్‌లో మెమరీ చిప్ వేరు, దానికి సరిపోయే టైమింగ్ వేరు.

మొదలుపెట్టే ముందు

చేతిలో ఉండాల్సినవి: మంచి సెల్స్ ఒక సెట్టు, కాలిక్యులేటర్‌తో వచ్చిన యూఎస్‌బీ కేబుల్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు పసుపు రంగు డిజిటల్ మల్టీమీటర్, రెండు క్రొకొడైల్ క్లిప్పులు, కొంచెం అట్టముక్క, వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్. మల్టీమీటర్ లేకపోయినా ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, కానీ సెల్స్ సంగతి తేల్చాలంటే అది లేకుండా కుదరదు. తెరమీది బ్యాటరీ బొమ్మని నమ్ముకుని లెక్కలు వేసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ బొమ్మలో ఉండేది మూడో నాలుగో గీతలు, అది చూసి పది శాతం తేడా ఎలా పట్టుకుంటారు?

బ్యాకప్ తీసుకోండి. మెయిన్ మెనూలో మెమరీలోకి వెళితే ఎఫ్4 కీ దగ్గర బ్యాకప్ ఉంటుంది, అది మెయిన్ మెమరీలో ఉన్న ప్రోగ్రాములు, మ్యాట్రిక్సులు, లిస్టులు అన్నీ స్టోరేజ్ మెమరీలోకి కాపీ చేస్తుంది. తర్వాత కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, తెరమీద అడిగినప్పుడు ఎఫ్1 నొక్కితే కాలిక్యులేటర్ మామూలు పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. అందులో ఉన్నదంతా ఒక ఫోల్డర్‌లోకి లాగి పెట్టుకోండి. ఈ పని వదిలేయాలనిపిస్తుంది, వదిలేయకండి, కరెంట్ కొలిచేటప్పుడు ఒక క్లిప్పు జారితే చాలు మెయిన్ మెమరీ ఖాళీ అయిపోవచ్చు.

అదే కనెక్షన్‌లో పీట్యూన్3 ఫైల్‌ని, చివర జీ3ఏ అని ఉంటుంది, ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా నేరుగా పైనే కాపీ చేసి, కంప్యూటర్‌లో సరిగ్గా ఎజెక్ట్ కొట్టాకే కేబుల్ తియ్యండి. మెయిన్ మెనూ చివర్లో కొత్త ఐకాన్ కనిపిస్తుంది. ఇప్పుడే తెరవకండి.

మామూలు వేగంలో టైమ్ పట్టండి

పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ప్రోగ్రామ్ మోడ్‌లో చిన్న లూప్ ఒకటి రాయండి: ఎస్‌లో సున్నా పెట్టి, ఐ విలువ 1 నుంచి 3000 దాకా వెళుతుండగా ప్రతిసారీ ఐ స్క్వేర్‌ని ఎస్‌కి కలపాలి, చివర్లో ఎస్ చూపించాలి. జవాబు 9004500500 రావాలి. ఈ 3000 నేను ఊరికే ఎంచుకోలేదు. మొత్తం సరిగ్గా పది అంకెల్లో వస్తుంది, కాసియో తెర పది అంకెల్ని పవర్ రూపంలోకి మార్చకుండా పూర్తిగా చూపిస్తుంది, కాబట్టి ఒక్క అంకె తేడా వచ్చినా కంటికి కనిపిస్తుంది. ఈ లూప్ చుట్టూ ఇంకో లూప్ పెట్టి, మొత్తం నిమిషానికి పైనే పట్టేలా చూసుకోండి. బయటి లూప్‌లో ప్రతిసారీ ఎస్‌ని మళ్ళీ సున్నా చెయ్యడం మర్చిపోకండి.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి టైమ్ రాసుకోండి. దీంతో పాటు మీరు నిజంగా వాడే పని ఒకటి కూడా ఎంచుకోండి, నెమ్మదిగా గీసే గ్రాఫ్ కావచ్చు, పైథాన్ మోడ్‌లో రాసుకున్న ప్రోగ్రామ్ కావచ్చు. ఎందుకంటే లూప్ వేగం పెరిగినంత మాత్రాన గ్రాఫ్ వేగం అంతే పెరగదు, గ్రాఫ్‌లో తెరమీదికి చుక్కలు పంపే పని కూడా ఉంటుంది.

కరెంట్ కొలవడం

ఇది కాస్త ఓపికతో చేసే పని. అట్టముక్కని సెల్ చివర వెడల్పుకి కత్తిరించి, రెండు వైపులా ఫాయిల్ అంటించండి, ఒక వైపు ఫాయిల్ ఇంకో వైపు ఫాయిల్‌కి అంచుల్లో తగలకూడదు. ఒక్కో వైపు ఫాయిల్ నుంచి చిన్న తోక బయటికి వచ్చేలా వదలండి, ఆ తోకలకే క్లిప్పులు. కాలిక్యులేటర్ ఆఫ్ చేసి, వెనక మూత తీసి, ఏదో ఒక సెల్ పాజిటివ్ బుడిపెకీ దాని ముందున్న లోహపు రేకుకీ మధ్య ఈ అట్ట దూర్చండి. ఇప్పుడు కరెంట్ మొత్తం మీటర్ గుండానే వెళ్ళాలి, నాలుగు సెల్స్ వరసగా ఉన్నాయి కాబట్టి ఎక్కడ కొలిచినా ఒకటే.

మీటర్ ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మొదలుపెట్టండి. చవక మీటర్లో ఈ రేంజ్ 10 మిల్లీఆంపియర్ల మెట్లలోనే చూపిస్తుంది, అది సరిపోదు. రీడింగ్ 150 మిల్లీఆంపియర్ల లోపే ఉందని చూసుకున్నాక, కాలిక్యులేటర్ ఆఫ్ చేసి, ఎర్ర వైరుని ఎంఏ అని రాసి ఉన్న రంధ్రంలోకి మార్చి, డయల్‌ని 200 మిల్లీఆంపియర్ల రేంజ్‌కి తిప్పండి. ఈ రేంజ్‌లో మీటర్ లోపల దాదాపు 1 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది, అంటే 100 మిల్లీఆంపియర్లకి 0.1 వోల్ట్ అక్కడే పోతుంది. కొలతకి పర్వాలేదు కానీ కాలిక్యులేటర్ నిలబడుతుందా లేదా అని పరీక్షించేటప్పుడు మీటర్ తీసేసి చెయ్యాలి. పని అయ్యాక ఎర్ర వైరు వోల్టేజ్ రంధ్రంలో, డయల్ వోల్టేజ్ మీద ఉండేలా మార్చండి. మార్చకుండా సెల్ వోల్టేజ్ చూద్దామని పెడితే సెల్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే.

తెర వెలుగు ఒక స్థాయిలో పెట్టి, అన్ని కొలతలకీ అదే ఉంచండి. కీ నొక్కకుండా వదిలేస్తే కాసేపటికి వెలుగు తనంతట తగ్గుతుంది, కాబట్టి తగ్గకముందే రీడింగ్ చూడండి. మూడు అంకెలు రాసుకోవాలి: మెనూలో ఊరికే ఉన్నప్పుడు ఎంత, లూప్ నడుస్తున్నప్పుడు ఎంత, వెలుగు బాగా తగ్గించి ఊరికే ఉన్నప్పుడు ఎంత. మూడోది ఎందుకంటే, ఒకటికీ మూడుకీ మధ్య తేడా చూస్తే బ్యాక్‌లైట్ ఒక్కటే ఎంత తింటుందో అర్థమవుతుంది, చాలామందికి అక్కడే సగం సందేహం తీరిపోతుంది.

ఇప్పుడు వేగం పెంచండి

పీట్యూన్3 తెరిస్తే తెరనిండా అంకెలుంటాయి, భయపడకండి. పైన ఎఫ్‌ఎల్‌ఎల్, పీఎల్‌ఎల్ అని రెండు గుణకాలు, ఇందాక చెప్పిన 900, 16 ఇవే. కింద ఐఎఫ్‌సీ, ఎస్‌ఎఫ్‌సీ, బీఎఫ్‌సీ, పీఎఫ్‌సీ అని నాలుగు భాగహారాలు. ఐఎఫ్‌సీ ప్రాసెసర్ అసలు వేగం, ఎస్‌ఎఫ్‌సీ లోపలి ప్రధాన రహదారి, బీఎఫ్‌సీ మెమరీకి వెళ్ళే బస్, పీఎఫ్‌సీ కీబోర్డు లాంటి చిల్లర పరికరాలది. ఇంకా కింద రామ్‌నీ, ఫైళ్ళు ఉండే ఫ్లాష్ మెమరీనీ చదివేటప్పుడు ప్రాసెసర్ ఎన్ని సైకిళ్ళు ఆగాలో చెప్పే వెయిట్ అంకెలు. పైకీ కిందికీ బాణాలతో వరస ఎంచుకోవడం, పక్క బాణాలతో విలువ మార్చడం.

మొదటిసారి ఆ బాణాల జోలికి వెళ్ళకండి. ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా రెడీమేడ్ సెట్టింగులు ఉన్నాయి, ఎఫ్1 అంటే కంపెనీ ఇచ్చిన మామూలు వేగం, మిగతావి వరసగా పెరుగుతాయనుకోకుండా తెరమీది మెగాహెర్ట్జ్ అంకె చూసి తక్కువ వేగం నుంచి ఎక్కువకి వెళ్ళండి. ఒక్కో మెట్టు ఎక్కండి: సెట్టింగ్ మార్చడం, మెనూ కీతో బయటికి రావడం, లూప్ నడపడం, జవాబు 9004500500 అవునో కాదో చూడటం, టైమ్, కరెంట్ రాసుకోవడం, తర్వాతి మెట్టు. ఒకేసారి అన్నిటికంటే వేగమైనది కొట్టేసి "నాది నడిచేసింది" అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళది పది నిమిషాల తర్వాత కూడా నడుస్తోందా అని ఎవరూ అడగరు.

ఒక సంగతి గమనించండి. గడియారం, అంటే మెగాహెర్ట్జ్, పెంచకుండా మెమరీ వెయిట్ మాత్రమే తగ్గించినా వేగం పెరుగుతుంది, ఎందుకంటే ప్రాసెసర్ చాలా టైమ్ మెమరీ కోసం ఎదురుచూస్తూ గడుపుతుంది. గడియారం పెరగలేదు కాబట్టి కరెంట్ మీద దీని ప్రభావం తక్కువ. సెల్స్ మీద బెంగ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ముందు వెయిట్ తగ్గించుకోండి, మెగాహెర్ట్జ్ తర్వాత. కాకపోతే వెయిట్ మరీ తగ్గిస్తే మెమరీ తప్పు చదువుతుంది, కాబట్టి ఒక్కసారికి ఒక్క అంకె.

ఇక చేత్తో మార్చుకోవాలనుకునేవాళ్ళకి. ఐఎఫ్‌సీ సగం దగ్గర, పీఎల్‌ఎల్ 16 దగ్గర ఉంటే, ఎఫ్‌ఎల్‌ఎల్ ఒక్క అంకె పెంచితే ప్రాసెసర్ 0.131 మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. 900ని 1000 చేస్తే 131.07 మెగాహెర్ట్జ్. పీఎల్‌ఎల్‌తో అయితే పెద్ద అంగలు పడతాయి, 20 చేస్తే 147.46, 26 చేస్తే 191.69. చిక్కేంటంటే ఈ రెండు గుణకాల్లో ఏది పెంచినా ప్రాసెసర్‌తో పాటు బస్, పరికరాలు అన్నీ కలిసి పెరుగుతాయి, తట్టుకోలేక ముందు పడిపోయేది ప్రాసెసర్ కాదు, మెమరీ. అందుకని పీఎల్‌ఎల్ పెంచబోయే ముందే బీఎఫ్‌సీ, పీఎఫ్‌సీ భాగహారాల్ని ఒక మెట్టు నెమ్మదిగా పెట్టుకోండి. వరస ముఖ్యం, ముందు కిందివి తగ్గించి తర్వాత పైవి పెంచాలి, తిరిగి వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. తెరమీద చుక్కలు చుక్కలుగా చెత్త కనిపించడం మొదలైతే బస్ వేగం ఎక్కువైందని గుర్తు, అక్కడితో ఆగి ఒక మెట్టు దిగండి.

లోపలి గడియారం, అంటే టైమ్ చూపించేది, నేరుగా క్రిస్టల్ నుంచి నడుస్తుంది కాబట్టి ఓవర్‌క్లాక్ చేసినా అది తొందరపడదు.

నిలబడుతుందో లేదో ఇలా చూడండి

మీటర్, అట్ట తీసేసి, సెల్ మామూలుగా పెట్టి, మూత వేసి లూప్‌ని అరగంట నడవనివ్వండి. ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసి, ప్రతి చుట్టు తర్వాత ఎస్ విలువ 9004500500 కాకపోతే ఆగిపోయేలా పెట్టుకుంటే మీరు పక్కన కూర్చోనక్కర్లేదు. హ్యాంగ్ అయితే మనకి తెలిసిపోతుంది, ఇబ్బంది లేదు. ప్రమాదమంతా హ్యాంగ్ కాకుండా తప్పు జవాబు ఇచ్చే సెట్టింగ్‌తోనే, కాలిక్యులేటర్ తప్పు లెక్క చెబితే ఇక దాన్ని ఉంచుకుని ఏం లాభం. లూప్ నెగ్గాక రెండు మూడు రకాల గ్రాఫులు గీయించండి, ఒక పెద్ద ఇంటిగ్రేషన్ చేయించి ఎఫ్1 వేగంలో వచ్చిన జవాబుతో పోల్చండి.

వీటన్నిట్లో నెగ్గిన సెట్టింగ్ దగ్గర కూడా ఉండిపోకండి, దానికంటే ఒక మెట్టు కింద ఉండండి. కారణం సెల్స్, కింద చెబుతాను.

ఓవర్‌క్లాక్‌లో ఉండగా చెయ్యకూడనివి రెండున్నాయి. ఓఎస్ అప్‌డేట్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కంప్యూటర్‌కి కలిపి ఫైళ్ళు కాపీ చెయ్యడం కూడా వద్దు, ఎఫ్1కి దిగి చేసుకోండి. ఫ్లాష్‌లోకి రాసేటప్పుడు తేడా కొడితే పాడయ్యేది స్టోరేజ్ మెమరీ, మీరు తీసిన బ్యాకప్ ఉన్నది కూడా అక్కడే, అందుకే దాని కాపీ కంప్యూటర్‌లో పెట్టమన్నది.

సెల్స్ లెక్క

ఇప్పుడు రాసుకున్న అంకెలు ముందేసుకోండి. సాఫ్ట్‌వేర్‌తో మనం వేగం మారుస్తున్నాం కానీ ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్ మార్చట్లేదు. కంప్యూటర్లలో వోల్టేజ్ కూడా పెంచుతారు కాబట్టి అక్కడ వేడి, కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఇక్కడ అలా కాదు, వేగం రెండింతలైతే ప్రాసెసర్ పనిచేస్తున్నప్పుడు తినేది మహా అయితే రెండింతలవుతుంది, తెర తినేది అసలు మారదు.

ఉదాహరణకి తెర, మిగతా బోర్డు కలిపి 60 మిల్లీఆంపియర్లు, మామూలు వేగంలో పనిచేస్తున్న ప్రాసెసర్ 40 తింటున్నాయనుకోండి. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసిన అంకెలు, మీ మీటర్‌లో వచ్చినవి వేసుకోండి. ఒక గ్రాఫ్ గీయడానికి 30 సెకన్లు పడుతుంది. 100 మిల్లీఆంపియర్లు ఇంటూ 30 సెకన్లు, 3000. వేగం రెండింతలు చేస్తే కరెంట్ 60 ప్లస్ 80, మొత్తం 140, కానీ గ్రాఫ్ 15 సెకన్లకే అయిపోయింది, 140 ఇంటూ 15 అంటే 2100. సెల్స్ నుంచి తీసుకున్నది తగ్గింది! ప్రాసెసర్ తిన్నది రెండు సందర్భాల్లోనూ 1200లే, కానీ మీరు ఎదురుచూస్తూ కూర్చున్న ఆ 15 సెకన్లు బ్యాక్‌లైట్ వెలగాల్సిన పని తప్పింది.

అదే గేమ్ ఆడుతున్నారనుకోండి, లేదా కీ నొక్కారా లేదా అని ఆగకుండా చూస్తూ తిరిగే లూప్‌తో ప్రోగ్రామ్ రాశారనుకోండి. అక్కడ పని అయిపోవడం అనేది లేదు, వేగం పెరిగితే అదే లూప్ రెండింతలు తిరుగుతుంది, అంతే. గంటకి 100 తినేది 140 తింటుంది. 800 మిల్లీఆంపియర్ అవర్ల రీఛార్జబుల్ సెల్స్ మీద 8 గంటలు వచ్చేది 5 గంటల 40 నిమిషాలకి పడిపోతుంది. గేమ్‌బాయ్ ఎమ్యులేటర్ నడిపేవాళ్ళకి సెల్స్ ఇట్టే అయిపోతున్నాయంటే కారణం ఇదే.

మధ్యలో ఉన్న పనులకి సూత్రం ఒక్కటే: కరెంట్‌ని టైమ్‌తో గుణించండి, ఏ సెట్టింగ్‌కి తక్కువ వస్తే అది సెల్స్‌కి మంచిది. పై ఉదాహరణలో కరెంట్ 1.4 రెట్లు పెరిగింది, కాబట్టి పని 1.4 రెట్ల కంటే ఎక్కువ వేగంగా అయితేనే లాభం, 30 సెకన్ల పని 21 సెకన్ల లోపు అవ్వాలి. మెమరీ మీద ఆధారపడే ప్రోగ్రాముల్లో గడియారం రెండింతలు చేసినా పని 1.3 రెట్లే వేగం అయ్యే సందర్భాలుంటాయి, అక్కడ నష్టమే. ప్రతి సెట్టింగ్‌కీ ఈ గుణకారం చేసి పక్కపక్కన రాసుకుంటే, చాలాసార్లు అన్నిటికంటే తక్కువ వచ్చేది మధ్యలో ఎక్కడో ఉంటుంది, మామూలు వేగమూ కాదు, చివరి వేగమూ కాదు. అదే మీ సెట్టింగ్.

ఇంకొకటి, మెనూలో ఊరికే ఉన్నప్పటి రీడింగ్‌ని ఎఫ్1లోనూ మీ సెట్టింగ్‌లోనూ పోల్చండి. కీ కోసం ఎదురుచూసేటప్పుడు ప్రాసెసర్ చాలావరకు నిద్రలో ఉంటుంది కాబట్టి తేడా చిన్నదే ఉండాలి. క్లాసులో కాలిక్యులేటర్ వాడకం అంటే ముప్పావు వంతు ఇదే, తెర వెలుగుతుంటే బోర్డు వైపు చూడటం. కాబట్టి నిజంగా సెల్స్ మిగలాలంటే సిస్టమ్ మెనూలో వెలుగు రెండు మెట్లు తగ్గించి, ఆటో పవర్ ఆఫ్ 60 నిమిషాల మీద ఉంటే 10కి మార్చండి, ఓవర్‌క్లాక్ వల్ల వచ్చే నష్టం ఏమైనా ఉంటే దాంతో పూడిపోతుంది.

అసలు దెబ్బ తగిలేది చివర్లో

సెల్ కొత్తగా ఉన్నప్పుడు అడిగినంత కరెంట్ ఇస్తుంది. అయిపోతున్నకొద్దీ దాని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఎక్కువ కరెంట్ లాగిన ప్రతిసారీ వోల్టేజ్ కుంగుతుంది. మామూలు వేగంలో ఆ కుంగుబాటు చిన్నది, కాలిక్యులేటర్ పట్టించుకోదు. ఓవర్‌క్లాక్‌లో అదే సెల్ మీద ఎక్కువ లాగుతున్నాం, పైగా ఎక్కువ వేగంలో నిలబడటానికి ప్రాసెసర్‌కి నిలకడైన వోల్టేజ్ కావాలి. రెండూ కలిసి, సెల్స్‌లో ఇంకా సరుకు ఉండగానే గ్రాఫ్ మధ్యలో టక్కున ఆగిపోతుంది. వేగం వల్ల కరెంట్ ఎక్కువ తినడం కంటే సెల్స్ అడుగున మిగిలింది వాడుకోలేకపోవడమే పెద్ద నష్టం. కొత్త సెల్స్‌తో పరీక్షించి బాగుందనుకున్న సెట్టింగ్ నెల తర్వాత హ్యాంగ్ అవుతోందంటే కాలిక్యులేటర్ పాడైందని టెన్షన్ పడకండి, ముందు సెల్స్ చూడండి. ఒక మెట్టు కింద ఉండమన్నది ఇందుకే. బ్యాటరీ గీత ఒకటి తగ్గగానే ఎఫ్1కి దిగిపోతే ఆ సెల్స్‌తోనే ఇంకా చాలా రోజులు లాగొచ్చు.

ఏ సెల్స్ వెయ్యాలన్నదానికి నా ఓటు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్‌కే. వోల్టేజ్ 1.2 అని చూసి తక్కువనుకుంటారు కానీ అయిపోవచ్చేదాకా దాదాపు అక్కడే నిలబడుతుంది, లోపలి రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి కుంగదు. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై మొదటి రోజు నుంచీ జారుతూనే ఉంటుంది. రీఛార్జబుల్ వేశాక సిస్టమ్ మెనూలో బ్యాటరీ రకం మార్చండి, మార్చకపోతే బ్యాటరీ బొమ్మ తప్పు చూపిస్తుంది. కిరాణా కొట్లో దొరికే చవక రిమోట్ సెల్స్, హెవీ డ్యూటీ అని రాసి ఉండేవి, వాటిని రిమోట్‌కే వదిలేయండి. కొత్తవీ పాతవీ కలిపి వెయ్యొద్దు, నాలుగింట్లో ఒక్కటి బలహీనమైనదైనా వోల్టేజ్ కుంగేది దానివల్లే.

హ్యాంగ్ అయితే

కాలిక్యులేటర్ వెనక రీస్టార్ట్ అని సన్న రంధ్రం ఉంటుంది, సన్నటి మొనతో దాన్ని నొక్కండి. ప్రాసెసర్ మళ్ళీ మొదలై గుణకాలు, భాగహారాలు అన్నీ కంపెనీ విలువలకి వచ్చేస్తాయి, మనం మార్చినవి శాశ్వతంగా ఎక్కడా చెక్కబడి ఉండవు. ఈ ఒక్క కారణంతోనే సీజీ50 ఓవర్‌క్లాక్ నేర్చుకోవడానికి మంచి యంత్రం అంటాను. రంధ్రం నొక్కినా కదలకపోతే ఒక సెల్ తీసి కొంచెం ఆగి పెట్టండి, మెయిన్ మెమరీ పోతే బ్యాకప్ ఉంది. ఆఫ్ చేసి ఆన్ చేసిన తర్వాత ఏ వేగంలో ఉందో ఊహించుకోకుండా పీట్యూన్ ఒకసారి తెరిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వేరే కాలిక్యులేటర్ ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. హెచ్‌పీ 50జీలో ఉన్న శాంసంగ్ ఏఆర్ఎం చిప్ 203 మెగాహెర్ట్జ్ దాకా పనిచెయ్యగలిగినా హెచ్‌పీ దాన్ని 75 దగ్గర పెట్టింది, దాన్ని పెంచుకునే ప్రోగ్రాములున్నాయి, పైన చెప్పిన కరెంట్ ఇంటూ టైమ్ లెక్క దానికీ అంతే. టీఐ-ఎన్‌స్పైర్ సీఎక్స్‌కి బయటి ప్రోగ్రాములు నడవనిచ్చే ఎన్‌డీలెస్ ఎక్కించాక ఓవర్‌క్లాక్‌కి నోవర్ అనే ప్రోగ్రామ్ ఉంది, కానీ టీఐ కొత్త ఓఎస్‌లు వచ్చినప్పుడల్లా ఎన్‌డీలెస్ దారి మూసేస్తూ ఉంటుంది, కాబట్టి అప్‌డేట్ కొట్టే ముందు ఆలోచించుకోండి. పాత టీఐల్లో చిన్న కెపాసిటర్ పీకేసి ఇంకా చిన్నది అతికించేవాళ్ళు, ఒకసారి చేస్తే వెనక్కి రావడానికి మళ్ళీ సోల్డరింగే, అది ఈరోజుల్లో నేను ఎవరికీ చెప్పను.

పరీక్షకి తీసుకెళ్ళేవాళ్ళు ముందు రోజు రాత్రి రీస్టార్ట్ నొక్కి, పీట్యూన్ తెరిచి 117.96 చూపిస్తోందని సరిచూసుకుని, ఐబీ వాళ్ళయితే ఎగ్జామ్ మోడ్‌లోకి ఒకసారి వెళ్ళి బయటికి వచ్చి చూసి, ఛార్జ్ పెట్టిన సెల్స్ వేసి, ఇంకో నాలుగు సెల్స్ బ్యాగ్‌లో పెట్టుకోండి. సెలవుల్లో రెండు మూడు నెలలు వాడరనుకుంటే మెమరీ బ్యాకప్ తీసి సెల్స్ బయటికి తీసేయండి, లోపల వదిలేసిన ఆల్కలైన్ సెల్ కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి, ఆ తర్వాత మీరు మామూలు వేగంలో పెట్టినా వోల్టేజ్ అక్కడే కుంగుతుంది.